తుపాను తీరంలో ఇంటి బీమా: ప్రీమియం ఎందుకు పెరుగుతుంది, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

కోల్‌కతా: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వెలువడిన ప్రతిసారీ తూర్పు తీర ప్రాంతంలోని ఇంటి యజమానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇల్లు తట్టుకుంటుందా అన్నది మొదటిది. దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు ఎవరు భరిస్తారన్నది రెండోది. రెండో ప్రశ్నకు జవాబు కావలసిన గృహ బీమా కూడా ఇప్పుడు అనేక కుటుంబాలకు భారంగా తోస్తోంది. ప్రీమియం పెరిగిందని పాలసీని వదులుకోవడం సులభమే. కానీ ఆ భారంలో కొంత భాగానికి మూలం ఇంటి విలువను లెక్కకట్టే పద్ధతిలోనే ఉంది. ఆ లెక్కను సరిచేసుకుంటే, రక్షణ తగ్గకుండానే ఖర్చు తగ్గించుకునే అవకాశం ఉంటుంది.

సముద్రపు ఒడ్డున లేకున్నా ముప్పు తప్పదు

కోల్‌కతా నేరుగా సముద్రతీరాన లేదు. హుగ్లీ నది ఒడ్డున, సుందర్‌బన్ మడ అడవులకు ఎగువన ఉంది. అయినా నగర చరిత్రలో తుపానులకు పెద్ద స్థానమే ఉంది. 1864 అక్టోబరు 5న విరుచుకుపడిన తుపానులో సుమారు 60 వేల మంది మరణించారు. ఆ విపత్తు తర్వాతే ఓడరేవులకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడడానికి దారితీసిన కారణాలలో అదీ ఒకటి.

ఇటీవలి కాలంలో నగరాన్ని తీవ్రంగా దెబ్బతీసినది ఆంఫన్. 2020 మే 20న సుందర్‌బన్ ప్రాంతంలో తీరం దాటిన ఈ తుపాను ప్రభావంతో దమ్‌దమ్ వద్ద గాలి వేగం గంటకు 130 కిలోమీటర్ల స్థాయికి చేరింది. వేలాది చెట్లు ఇళ్ళపైన, వాహనాలపైన, విద్యుత్ తీగలపైన కూలాయి. భారతదేశానికి ఆంఫన్ కలిగించిన ఆర్థిక నష్టం సుమారు 1,400 కోట్ల డాలర్లని ప్రపంచ వాతావరణ సంస్థ పేర్కొంది. ఆ తర్వాత 2021 మేలో యాస్, 2024 మేలో రెమల్ తుపానులు వచ్చాయి. 2025 సెప్టెంబరు 23న తుపాను లేకుండానే ఒక్క రోజులో 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసి నగరం నీట మునిగింది. వీటికి తోడు మార్చి నుంచి మే వరకు కాల్‌బైశాఖి పేరిట వచ్చే ఈదురుగాలులు, పిడుగులు, వడగళ్ళు ఏటా ఉండేవే.

భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కించేందుకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన మౌలిక గాలి వేగం కోల్‌కతాకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. విశాఖపట్నానికి, చెన్నైకి కూడా అంతే. హైదరాబాదుకు అది సెకనుకు 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖ వాసులకు ఈ అంకెల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ సాయం ఎంతవరకు?

విపత్తు వస్తే ప్రభుత్వం ఆదుకుంటుందన్న నమ్మకంతో బీమా తీసుకోనివారు ఎక్కువ. అయితే ప్రభుత్వం ఇచ్చేది తక్షణ ఉపశమనం మాత్రమే, నష్టపరిహారం కాదు. 2022-23 నుంచి 2025-26 వరకు కాలానికి రూపొందించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి రూ.1.20 లక్షలు లభిస్తుంది. కనీసం 15 శాతం మేర పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి అందేది రూ.6,500 మాత్రమే. కిటికీల అద్దాలు పగిలి, పైకప్పు మీది నీళ్ళ ట్యాంకు కొట్టుకుపోయి, గదుల్లోకి నీరు చేరిన మధ్యతరగతి ఇంటికి ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. సాయానికీ అసలు ఖర్చుకూ మధ్య ఉన్న ఈ అంతరాన్ని పూడ్చవలసింది బీమాయే.

ప్రీమియం పెరగడానికి కారణాలు

మొదటి కారణం నిర్మాణ వ్యయం. ప్రీమియం రేటు ఏమాత్రం మారకపోయినా, చదరపు అడుగు నిర్మాణానికి రూ.2,000 అయ్యేది రూ.2,500కు చేరితే బీమా మొత్తం 25 శాతం పెరుగుతుంది. దానితోపాటు ప్రీమియమూ అంతే పెరుగుతుంది.

రెండో కారణం పునర్బీమా. ఒకే తుపానులో వేల ఇళ్ళు దెబ్బతింటే ఆ నష్టాన్ని ఏ బీమా సంస్థా ఒంటరిగా మోయలేదు. అందువల్ల అది తన బాధ్యతలో కొంత భాగాన్ని పునర్బీమా సంస్థలకు అప్పగిస్తుంది. మన దేశంలో ప్రభుత్వ రంగంలోని జీఐసీ రీతోపాటు విదేశీ సంస్థలూ ఈ వ్యాపారంలో ఉన్నాయి. మన బీమా సంస్థల పునర్బీమా ఒప్పందాలు ఎక్కువగా ఏప్రిల్ 1న పునరుద్ధరణకు వస్తాయి. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుపాను తాకిన తర్వాత ప్రపంచవ్యాప్తంగా పునర్బీమా ధరలు పెరిగాయి. ఎక్కడో జరిగిన నష్టం ఇక్కడి లెక్కల్లోకి వచ్చే దారి ఇదే.

మూడోది రేట్ల స్వేచ్ఛ. అగ్నిప్రమాద, ఆస్తి బీమా రేట్లపై ప్రభుత్వ నియంత్రణను 2007 జనవరి 1 నుంచి తొలగించారు. పోటీలో సంస్థలు భారీగా రాయితీలు ఇచ్చిన సంవత్సరాలూ ఉన్నాయి, నష్టాలు చూసి వాటిని ఉపసంహరించుకున్న సంవత్సరాలూ ఉన్నాయి. ఒకే ఇంటికి రెండు సంస్థలు వేర్వేరు ధరలు చెప్పడానికి కారణం ఇదే.

నాలుగోది పన్ను. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ మినహాయింపు లభించింది. గృహ బీమాకు ఆ వెసులుబాటు వర్తించలేదు.

మార్కెట్ ధర కాదు, కట్టుబడి ఖర్చు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఇంటి అమ్మకపు ధరలో స్థలం విలువ, ఆ ప్రాంతానికి ఉన్న గిరాకీ కలిసి ఉంటాయి. తుపాను స్థలాన్ని ఎత్తుకుపోదు. అందుచేత బీమా చేయవలసింది ఇంటిని తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకు మాత్రమే.

ఉదాహరణకు గరియాలోనో, విశాఖలోని మధురవాడలోనో 900 చదరపు అడుగుల కార్పెట్ విస్తీర్ణం గల ఫ్లాటు మార్కెట్లో రూ.70 లక్షలు పలుకుతోందనుకుందాం. నిర్మాణ వ్యయం చదరపు అడుగుకు రూ.2,500 అయితే బీమా చేయవలసిన మొత్తం రూ.22.50 లక్షలే. రూ.70 లక్షలకు పాలసీ తీసుకున్న యజమాని మూడు రెట్లకు పైగా ప్రీమియం కడతాడు. నష్టం జరిగినప్పుడు మాత్రం వాస్తవ ఖర్చును మించి ఒక్క రూపాయి కూడా రాదు.

భారత్ గృహ రక్షలో ఏమున్నాయి?

బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి గృహాలకు భారత్ గృహ రక్ష పేరిట ప్రామాణిక పాలసీ అమలులో ఉంది. పాలసీ నిబంధనలు ఏ సంస్థ వద్ద తీసుకున్నా ఒకటే, ధర మాత్రమే మారుతుంది. తుపాను, పెనుగాలి, వరద, ముంపు, ఉప్పెన, పిడుగు, భూకంపం, అగ్నిప్రమాదం, చెట్టు వంటివి కూలడం వల్ల కలిగే నష్టం ఇందులో ఉంటాయి. ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికీ రక్షణ ఉంటుంది.

భవనానికి బీమా తీసుకుంటే అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు, ఇంట్లోని సాధారణ సామగ్రికి దానంతట అదే రక్షణ లభిస్తుంది. పై ఉదాహరణలో ఇది రూ.4.50 లక్షలు. పాలసీని గరిష్ఠంగా 10 ఏళ్ళకు తీసుకోవచ్చు. దీర్ఘకాలిక పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది.

బీమా మొత్తం వాస్తవ విలువకన్నా తక్కువగా ఉందన్న కారణంతో పరిహారంలో కోత విధించే పాత పద్ధతి ఈ పాలసీలో లేదు. పూర్వం రూ.40 లక్షల కట్టడానికి రూ.20 లక్షలకే బీమా ఉంటే, రూ.2 లక్షల నష్టానికి రూ.1 లక్షే దక్కేది.

నగదు, వాహనాలు, ఇంటి మార్కెట్ విలువలో తగ్గుదల వంటివి పాలసీ పరిధిలోకి రావు. ఆకస్మిక సంఘటనల వల్ల కలిగే నష్టానికే బీమా వర్తిస్తుంది. ఏళ్ళ తరబడి మరమ్మతు చేయించని పైకప్పు కారితే ఆ ఖర్చు యజమానిదే.

వడగళ్ళ మాటేమిటి?

ఈ పాలసీ పేర్కొన్న ప్రమాదాల జాబితాలో వడగళ్ళు అన్న మాట విడిగా లేదు. గాలివానతోపాటు వచ్చే వడగళ్ళ నష్టం తుపాను, పెనుగాలి అన్న పదాల కిందికి వస్తుందా అన్నది పాలసీ తీసుకునేటప్పుడే సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మేలు. పైకప్పులపై సౌర పలకలు అమర్చుకుంటున్న కుటుంబాలకు ఇది ముఖ్యమైన విషయం. సౌర పలకలు, ప్రహరీ, నీళ్ళ ట్యాంకులను అదనపు నిర్మాణాల కింద విలువతో సహా ప్రకటించాలి.

అమెరికాలో తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే టెక్సస్‌లో పరిస్థితి మరోలా ఉంది. అక్కడ గాలి, వడగళ్ళ నష్టంలో మొదటి భాగాన్ని ఇంటి బీమా విలువలో ఇంత శాతమని యజమానే భరించే పద్ధతి విస్తృతంగా ఉంది. 4 లక్షల డాలర్ల ఇంటికి ఈ వాటా 2 శాతమైతే, మొదటి 8,000 డాలర్లు యజమాని జేబులోనుంచే పోతాయి. ప్రైవేటు సంస్థలు వెనుకాడే 14 తీర కౌంటీలలో గాలి, వడగళ్ళ బీమా కోసం 1971లో ప్రత్యేక సంఘాన్నే ఏర్పాటు చేశారు. ప్రీమియం తక్కువన్న ఆకర్షణతో స్వీయ భాగాన్ని పెంచుకుంటే ఎంత మోయవలసి వస్తుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

ఖర్చు తగ్గించుకునే మార్గాలు

పునరుద్ధరణకు ముందు కనీసం మూడు సంస్థల ధరలు పోల్చి చూడాలి. నిబంధనలు ఒకటే కాబట్టి ఈ పోలిక సులభం. ఒకేసారి చెల్లించే స్తోమత ఉంటే దీర్ఘకాలిక పాలసీ వల్ల మధ్యలో రేట్లు పెరిగినా ఆ కాలానికి భారం పడదు.

అపార్టుమెంటు సంఘం భవనం మొత్తానికి పాలసీ తీసుకుని ఉంటే, ఫ్లాటు యజమాని అదే కట్టడానికి మళ్ళీ చెల్లించనవసరం లేదు. సామగ్రికి వేరుగా తీసుకుంటే చాలు.

గృహరుణం ఉన్నవారు బ్యాంకు ఇప్పించిన పాలసీ పత్రాన్ని చదవాలి. రుణగ్రహీత మరణిస్తే అప్పు తీర్చే జీవిత బీమాను ఇంటి బీమాగా భ్రమించేవారు ఉన్నారు. ఆ పాలసీ తుపాను నష్టానికి పనికిరాదు.

నష్టం జరిగితే

శిథిలాలు తొలగించకముందే ఫొటోలు, వీడియోలు తీయాలి. వెంటనే సంస్థకు సమాచారమిచ్చి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. నష్టం పెరగకుండా టార్పాలిన్ కప్పడం వంటి జాగ్రత్తలు యజమాని బాధ్యతే. వాటి రసీదులు భద్రపరచాలి. సర్వేయరు రాకముందే శాశ్వత మరమ్మతులు మొదలుపెట్టకూడదు.

సంస్థ క్లెయిమును తిరస్కరించినా, తక్కువ ఇచ్చినా ముందు ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే సంస్థ తుది సమాధానం అందిన ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కోల్‌కతాలోనూ హైదరాబాదులోనూ ఈ కార్యాలయాలు ఉన్నాయి. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు.

తూర్పు తీరానికి తుపానుల కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. కార్పెట్ విస్తీర్ణాన్ని కొలిపించడానికి, నిర్మాణ వ్యయాన్ని స్థానిక ఇంజినీరు ద్వారా నిర్ధారించుకోవడానికి, పాలసీని సరిచేసుకోవడానికి ఆ కాలాలకు ముందు నెలలే అనువైనవి. తుపాను హెచ్చరిక వెలువడిన తర్వాత తీసుకునే పాలసీని నమ్ముకోవడానికి వీల్లేదు.