రక్త పరీక్షతో రొమ్ము క్యాన్సర్ తెలుస్తుందా?

"డాక్టరు గారూ, నాకు రొమ్ము క్యాన్సర్ ఉందో లేదో రక్తం పరీక్ష చేసి చెప్పండి" అని చాలామంది సోదరీమణులు అడుగుతుంటారు. రొమ్ము చూపించుకోవాలంటే సిగ్గు, మామోగ్రామ్ అంటే భయం. చేయి చాపి కాస్త రక్తం ఇవ్వడం సులభం. ఈ కోరిక సహజమే. కాని రొమ్ము క్యాన్సర్‌ను తొలి దశలోనే నమ్మకంగా కనిపెట్టే రక్త పరీక్ష ఏదీ ఈనాటికీ సాధారణ వైద్యంలో లేదు.

మరి ల్యాబులలో చేసే పరీక్షలు దేనికి?

సి.ఎ. 15-3: ఇది రక్తంలో ఉండే ఒక ప్రోటీను కొలత. రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఉన్న చాలామందిలో ఇది మామూలుగానే ఉంటుంది. క్యాన్సర్ లేకపోయినా కాలేయ జబ్బుల వల్ల, మామూలు రొమ్ము గడ్డల వల్ల పెరగవచ్చు. జబ్బు ఇతర అవయవాలకు పాకినవారిలో మందులు పనిచేస్తున్నాయా లేదా అని గమనించడానికే ఇది ముఖ్యంగా పనికివస్తుంది.

బి.ఆర్.సి.ఎ. పరీక్ష: ఇది క్యాన్సర్‌ను చూపించదు. తల్లి వైపు నుండి గాని, తండ్రి వైపు నుండి గాని సంక్రమించిన జన్యులోపాన్ని చూపిస్తుంది. ఈ లోపం ఉన్న స్త్రీలలో 100 మందికి సుమారు 70 మందికి 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ రావచ్చు. అయితే రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 100కి 5 నుండి 10 మాత్రమే. తల్లికి, అక్కచెల్లెళ్లకు, మేనత్తకు చిన్న వయసులో రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

కొత్త పరీక్షలు: క్యాన్సర్ కణాల నుండి రక్తంలోకి వచ్చే డి.ఎన్.ఎ. తునకలను వెతికే పరీక్షలు వచ్చాయి. బ్రిటన్‌లో 2021లో 1,40,000 మందితో అటువంటి ఒక పరీక్షపై పెద్ద అధ్యయనం మొదలైంది. కాని తొలి దశ రొమ్ము క్యాన్సర్‌ను ఇవి పట్టుకోగలిగింది చాలా తక్కువ.

అసలు ప్రమాదం ఎక్కడ?

రొమ్ములో గడ్డ ఉన్నా, "రక్తం రిపోర్టు నార్మల్ అని వచ్చింది కదా" అని ఊరుకోవడమే అసలు ప్రమాదం. ఆ కాగితం ఇచ్చిన ధైర్యంతో నెలలు గడిచిపోతాయి. చిన్న గడ్డగా ఉన్నప్పుడు తేలికగా నయమయ్యే జబ్బు చంకలోని గ్రంథులకు, ఆపైన ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకవచ్చు.

ఏమి చేయాలి?

ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం ప్రారంభించారు. వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ వాడలేదు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 50 ఏళ్లు, ఆపైబడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రం లేకపోయినా, సమయానికి చూపించుకుంటే ప్రాణం నిలుస్తుందని దీనివల్ల తెలుస్తోంది.

కాబట్టి:

* 30 ఏళ్లు దాటిన స్త్రీలు డాక్టరు చేత గాని, శిక్షణ పొందిన నర్సు చేత గాని రొమ్ము పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో కూడా ఈ ఏర్పాటు ఉంది.
* 40 దాటాక మామోగ్రామ్ ఎప్పుడు, ఎంతకాలానికి ఒకసారి అన్నది డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.
* రొమ్ములో గాని, చంకలో గాని గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం కనిపిస్తే వెంటనే రండి. నొప్పి లేదని ఆగవద్దు. తొలి దశలో చాలామందికి నొప్పి ఉండదు.
* గడ్డ ఉంటే మామోగ్రామ్ లేక అల్ట్రాసౌండ్ తీస్తారు. అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. క్యాన్సర్ అవునా కాదా అని తేల్చేది ఆ ముక్క పరీక్షే. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందన్న భయం వద్దు.

ఇంటి పెద్దలకు ఒక మాట. భార్య గాని, తల్లి గాని, కోడలు గాని గడ్డ సంగతి చెబితే "పండుగ అయ్యాక చూద్దాం" అనకండి. వెంటబెట్టుకుని రండి. రొమ్ము గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కాని ఏది అవునో, ఏది కాదో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు.