రోజూ మోసేదెంత?.. ఏ బండి కొనాలో అదే చెబుతుంది!
* చిన్న బండా, పెద్ద పికప్పా.. సరిహద్దు రైతుల ఇళ్లలో ఇదే వాదన
* సంతకు ఒక లెక్క.. కంతుకు మరో లెక్క
* రాష్ట్రం దాటాలంటే మూడు వేల కిలోల గీత గుర్తుంచుకోవాలి

హోసూరు: తెల్లవారుజాము మూడు గంటలు. బాగలూరు రోడ్డు మీద లైట్లు బారులు తీరతాయి. గులాబీ పెట్టెలతో కొన్ని బండ్లు.. టమాట బాక్సులతో కొన్ని.. కొత్తిమీర కట్టలతో ఇంకొన్ని. ఎక్కువ భాగం బెంగళూరు దారే. హోసూరు నుంచి నగరానికి సుమారు 40 కిలోమీటర్లు. మార్కెట్లో వేలం మొదలయ్యేలోపు సరుకు దిగితే ఒక ధర, తెల్లారాక దిగితే ఇంకో ధర. అందుకే ఇక్కడి రైతుకు పొలం తర్వాత పొలమంత ముఖ్యమైంది బండే.

ఆ బండి ఎంతదై ఉండాలన్న దగ్గరే పేచీ. కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, బేరిగె, శూలగిరి వైపు తెలుగు రైతుల ఇళ్లలో ఈ మాట రాని ఇల్లు అరుదు. "చిన్న బండి చాలు నాయనా, కంతు తేలిగ్గా పోతుంది" అంటాడు కొడుకు. "అది యాడికి చాలుతుంది? కొంటే పెద్దదే కొనల్ల. పంట దండిగా వచ్చిన రోజు ఏం చేస్తావు?" అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ నిజముంది. తేల్చాల్సింది మాత్రం నోటితో కాదు.. కాగితం మీద.

ఏనుగు పిల్ల వచ్చాక..

ఇరవై ఏళ్ల కిందట ఈ వాదనే లేదు. ఉంటే మూడు చక్రాల ఆటో, లేకుంటే టెంపోనో లారీనో. మధ్యలో ఏమీ లేదు. 2005లో టాటా ఏస్ వచ్చి ఆ ఖాళీని పూరించింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 16 గుర్రాల శక్తి, ముప్పావు టన్ను మోత. ఉత్తరాదిన దానికి 'చోటా హాథీ' అని పేరు పడిపోయింది. మన వైపు చాలామందికి చిన్న సరుకు బండి ఏదైనా 'ఏసే'.

2011లో అశోక్ లేలాండ్ 'దోస్త్' వచ్చింది. మోత ఒకటింపావు టన్ను. ఈ బండి తయారైంది హోసూరు ఫ్యాక్టరీలోనే. అలా ఈ ఊరి వాళ్లకు ఇంటి ముందే మధ్యరకం బండి దొరికింది. దీనికంటే పై మెట్టు మహీంద్రా బొలేరో పికప్. బాగా నడిచే రకం మోత 1.7 టన్నులు. 2023లో వచ్చిన బొలేరో మ్యాక్స్ పికప్ శ్రేణిలో రెండు టన్నులు మోసేవీ ఉన్నాయి. అంటే ఇప్పుడు రైతు ముందున్నవి మూడు మెట్లు.. ముప్పావు టన్ను, ఒకటింపావు టన్ను, ఒకటిన్నర దాటి రెండు టన్నుల దాకా.

పువ్వు బరువు వేరు.. పండు బరువు వేరు

ముందు చూడాల్సింది బండిని కాదు, సరుకును. గులాబీ పెట్టెలు చోటు తింటాయి గానీ బరువు తూగవు. డబ్బా నిండా పెట్టెలు పేర్చినా చిన్న బండి కమాన్లు పెద్దగా కుంగవు. హెబ్బాళ పూల వేలం కేంద్రానికో, కె.ఆర్.మార్కెట్‌కో రోజూ పూలు తీసుకెళ్లే రైతుకు కావలసింది బలం కాదు.. చోటు, వేగం, ఇరుకు సందుల్లో తిరిగే వీలు. ఎండ తగలకుండా మూత డబ్బా ఉంటే ఇంకా మేలు.

టమాట సంగతి వేరు. కోలారు మార్కెట్ లెక్కలో బాక్సుకు 15 కిలోలు. ఖాళీ బాక్సు బరువు కూడా కలుపుకొని 16.5 కిలోలు అనుకుందాం. ముప్పావు టన్ను బండిలో చట్టప్రకారం పట్టేవి 45 బాక్సులు. ఒకటింపావు టన్ను బండిలో 75. బొలేరో 1.7 టన్నుల పికప్‌లో వంద దాటుతాయి. రోజు మార్చి రోజు ఎనభై బాక్సులు కోసే రైతు ముప్పావు టన్ను బండి కొన్నాడంటే రెండు ట్రిప్పులు తిరగాలి. లేదా ఎనభైనీ ఒక్కసారే ఎక్కించి 1,320 కిలోలు మోయించాలి.

చాలామంది చేసేది రెండోదే. కమాన్లకు ఒక పట్టీ ఎక్కువ వేయించి, "ఇంక ఎంతైనా మోస్తుంది" అనుకుంటారు. పట్టీ వేస్తే వెనక భాగం కుంగకపోవచ్చు. కానీ బ్రేకులు పాతవే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే. ఆర్‌సీలో రాసిన బరువూ పాతదే. వాలులో దిగేటప్పుడు, వానలో బ్రేకు వేసినప్పుడు తేడా తెలుస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు. ఆపై అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో 2,000. ఎక్కువున్న సరుకును అక్కడే దింపించే ఖర్చు కూడా మనదే. ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గర పేచీకి అదో కారణమవుతుంది. రోజూ అధిక లోడు వేయక తప్పదనుకునే రైతుకు చిన్న బండి చవక కాదు.

కంతు చెప్పే నిజం

మరి పెద్దది కొనేస్తే పోలా? ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం. ధరల తేడా చూడండి. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో 3.99 లక్షల ధరతో మొదలైంది. 2023 ఏప్రిల్‌లో బొలేరో మ్యాక్స్ పికప్ కొత్త శ్రేణి 7.85 లక్షలతో మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత కొటేషన్లు పట్టుకుని లెక్క వేయకూడదు. అయినా రెండింటి మధ్య దూరం మాత్రం పెద్దదే.

అప్పు లెక్క వేసుకుందాం. వడ్డీ 11 శాతం, గడువు అయిదేళ్లు అనుకుంటే లక్షకు నెల కంతు సుమారు 2,175 రూపాయలు. నాలుగు లక్షల అప్పుకు 8,700. ఎనిమిది లక్షలకు 17,400. తేడా నెలకు 8,700.. రోజుకు 290 రూపాయలు. బండి తిరిగినా, షెడ్డులో నిలబడినా ఈ 290 పోవాల్సిందే. టమాట ధర పడిపోయి కోయకుండా వదిలేసిన రోజుల్లో కూడా.

ఇంధనం దీనిమీద అదనం. పోను రాను 80 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 18 ఇస్తే నాలుగున్నర లీటర్లు. 13 ఇస్తే ఆరు లీటర్ల పైనే. తేడా లీటరూ ముప్పావు. లీటరు 95 రూపాయలు అనుకుంటే రోజుకు 160 దాకా. నెలలో 25 రోజులు తిరిగితే నాలుగు వేలు. కంతు తేడాతో కలిపితే నెలకు 12,700 రూపాయలు. తిరుగు ప్రయాణంలో బండి చాలాసార్లు ఖాళీగానే వస్తుందనీ మరచిపోకూడదు.

ఇక్కడే తండ్రీ కొడుకుల వాదనకు జవాబు దొరుకుతుంది. పంట దండిగా వచ్చే రోజులు నెలలో నాలుగో అయిదో అయితే, ఆ రోజులకు పెద్ద బండిని అద్దెకు తెచ్చుకోవచ్చు. ఊళ్లో అద్దె ఎంతుందో అడిగి, 12,700తో ఎన్ని ట్రిప్పులు వస్తాయో చూసుకుంటే చాలు. అలా కాక నెలలో సగం రోజులు రెండు ట్రిప్పులు తప్పవంటే చిన్న బండి లెక్క తిరగబడుతుంది. రెండో ట్రిప్పు ఇంధనమే 420 రూపాయలు దాటుతుంది. డ్రైవరు కూలీ వేరు. ఆలస్యంగా చేరిన సరుకుకు పడే కోత వేరు. పెద్ద సీజను ఒక్క నెలను చూసి పదకొండు నెలల కంతు నెత్తిన పెట్టుకోవద్దు. అలాగని చిన్న కంతుకు ఆశపడి ఏడాదంతా అధిక లోడు మోయించనూ వద్దు.

మూడు వేల కిలోల గీత

రాష్ట్రం ఎల్లలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. పొద్దున లేస్తే తమిళనాడు, అత్తిబెలె దాటితే కర్ణాటక, వేపనపల్లి వైపు పోతే ఆంధ్రలో కుప్పం. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్, దోస్త్ ఈ గీతకు లోపలే ఉంటాయి. 1.7 టన్నులు మోసే పికప్ సొంత బరువు కలిస్తే గీత దాటుతుంది. దానికి పర్మిట్ కావాలి, పొరుగు రాష్ట్రంలోకి పోవాలంటే అక్కడా చెల్లేది కావాలి. పికప్‌లలోనూ గీతకు లోపల ఉండేలా చేసిన రకాలున్నాయి. కాబట్టి షోరూములో మోత ఎంత అని మాత్రమే కాదు, ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత పడుతుందో అడగాలి.

ఒక్క జాగ్రత్త. పర్మిట్ అక్కర్లేదంటే పన్ను అక్కర్లేదని కాదు. పన్ను, ఫిట్‌నెస్, బీమా, పొగ సర్టిఫికెట్ ఏ బండికైనా ఉండాల్సిందే. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

లైసెన్సు విషయంలో మాత్రం చిన్నకూ పెద్దకూ తేడా లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. థర్డ్ పార్టీ బీమాలోనూ 7,500 కిలోల లోపు సరుకు బండ్లన్నిటికీ ఒకటే శ్లాబు.

మనుషులు ఎక్కితే.. ట్రాలీ తగిలిస్తే..

బండి ఇంట్లో ఉందంటే సరుకు ఒక్కటే మోయదు. పొద్దున కూలీలు, సాయంత్రం పెళ్లివాళ్లు, ఆదివారం జాతర. "వెనక ఎక్కండమ్మా, పోయొద్దాం" అనడం మామూలైపోయింది. ఇది ప్రాణాలతో చెలగాటం. సరుకుతో పాటు దాని యజమానో, అతని తరఫు మనిషో వెళ్తే బీమా రక్షణ ఉంటుంది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు సరుకు బండి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఏదైనా జరిగితే పరిహారం యజమాని ఇల్లూ పొలమూ మీద పడుతుంది. ఇంటిల్లిపాదీ తిరగడం, సరుకు మోయడం రెండూ కావాలనుకుంటే రెండు వరసల సీట్లున్న క్యాంపర్ రకం చూడాలి. మోత తగ్గుతుంది గానీ మనుషులు సీట్లలో కూర్చుంటారు.

ఇంకొందరు పికప్‌కు కొక్కెం పెట్టించి ట్రాక్టరు ట్రాలీ లాగిద్దామని చూస్తారు. మోయడం వేరు, లాగడం వేరు. వెనక ఉన్న ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే వాలులో అదే ముందు బండిని తోస్తుంది. పైగా ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. నీళ్ల ట్యాంకరు, ఎరువు ట్రాలీ లాగే పనికి ట్రాక్టరే తగినది. పికప్ పెద్దది కొంటే ట్రాక్టరు పని కూడా అయిపోతుందని లెక్క వేసుకుంటే ఆ లెక్క తప్పుతుంది.

ఎవరికి ఏది?

పూలు, ఆకుకూరలు, పాలు.. రోజూ ముప్పావు టన్ను లోపు మోసేవాళ్లకు చిన్న బండే మేలు. కూరగాయలు రోజుకు యాభై నుంచి డెబ్బయి బాక్సుల దాకా ఉంటే మధ్యరకం. సొంత పంటతో పాటు పక్క పొలాల సరుకు కూడా అద్దెకు తోలి, నెలలో ఇరవై రోజులు బండి నిండుతుందన్న నమ్మకం ఉంటేనే పెద్ద పికప్. ఆ నమ్మకం మాటల్లో కాదు, కిందటేడు మండీ పట్టీల్లో ఉండాలి. ఆ పట్టీలు తీసి ఏ రోజు ఎన్ని బాక్సులు వేశారో వరసగా రాసుకుంటే, ఏ బండి కొనాలో ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు.

కొనే ముందు ఇవి చూసుకోండి

* కిందటేడు మండీ పట్టీల్లో మామూలు రోజు మోత ఎంత? పెద్ద మోత పడ్డ రోజులెన్ని?
* ఆర్‌సీలో పడే మొత్తం బరువు 3,000 కిలోలకు లోపలా, పైనా?
* పంట లేని నెలల్లో కంతు ఎక్కడినుంచి వస్తుంది?
* సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత అప్పు తీరిందా? ఫైనాన్సు వాళ్ల కాగితం ఉందా?
* కర్ణాటక నంబరు బండిని హోసూరులో కొంటే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి ఉంచుకోకూడదు. టీఎన్-70లోకి మార్పించే ఖర్చు, పన్ను బేరంలోనే కలుపుకోవాలి.
* కమాన్లకు అదనపు పట్టీలు వేసి ఉన్న పాత బండి కనిపిస్తే, అది ఎంత మోసి అలసిపోయిందో ఆ పట్టీలే చెబుతాయి. బేరం ఆడేముందు ఇరుసు, బ్రేకులు మెకానిక్‌కు చూపించండి.