స్కోరు పెరిగింది.. సైట్ మాత్రం మూడో పేజీలోనే!

భీమవరం దగ్గర మా పిన్నివాళ్లకు రొయ్యల చెరువులున్నాయి. వాళ్లబ్బాయి, అంటే నాకు తమ్ముడు, బీటెక్ అయ్యాక తెలుగులో ఓ వెబ్‌సైట్ పెట్టాడు. తెల్లమచ్చల వ్యాధి వస్తే ముందు ఎలా కనిపిస్తుంది, ఏరియేటర్లు రాత్రిపూట ఎంతసేపు తిప్పాలి, నీళ్లలో ఉప్పదనం ఎలా చూసుకోవాలి.. ఇవన్నీ వాళ్ల నాన్నని అడిగి, చెరువు గట్టు మీద ఫొటోలు తీసి మరీ రాశాడు. తమ్ముడని చెప్పట్లేదు, నిజంగా బాగుంటాయి. కానీ గూగుల్‌లో వెతికితే వాడి సైట్ మూడో పేజీలో ఉండేది. పైనున్నవన్నీ పెద్ద పెద్ద సైట్లు. వాటిలో కొన్ని చదివితే, రాసినవాళ్లు చెరువు మొహం చూసినట్టే అనిపించదు.

అలాంటి టైమ్‌లో వాడికో మెసేజ్ వచ్చింది. ‘బ్రో, మీ సైట్ డీఏ 9 ఉంది. నెల రోజుల్లో 35 దాటిస్తాం. 18 వేలు అవుతుంది’ అని. డీఏ అంటే డొమైన్ అథారిటీ. సైట్‌కి ఎంత పరపతి ఉందో చెప్పే మార్కులన్నమాట. వాడు దాచుకున్న డబ్బులు పంపేశాడు. అవతలివాళ్లు మాట తప్పలేదు. నలభై రోజుల్లో డీఏ 36కి వెళ్లింది. ఆ స్క్రీన్‌షాట్ మా ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాడు. అందరం బొటనవేళ్లు పెట్టాం.

మరి సైట్? మూడో పేజీలోనే ఉంది. చూసేవాళ్లు ఒక్కరు కూడా పెరగలేదు.

చెప్పిన పని చేశారు కాబట్టి మోసం అనడానికీ లేదు. తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే, అసలు గూగుల్ ఎవరి మాట వింటుందో చూడాలి.

పెళ్లి సంబంధం వాకబు

మనిళ్లలో సంబంధం వస్తే బయోడేటా చూసి ముహూర్తం పెట్టేయరు కదా. ఆ ఊళ్లో నలుగురిని వాకబు చేస్తారు. ఆ నలుగురి మాటకీ ఒకే విలువ ఉండదు. ఊరంతా గౌరవించే మాస్టారు ‘కుర్రాడు మంచోడండీ’ అంటే ఒక లెక్క. బస్టాండ్‌లో ఎవరో అంటే ఇంకో లెక్క. మాస్టారే అయినా ఊళ్లో ప్రతి కుర్రాణ్నీ మంచోడే అంటుంటే, ఆయన మాటకీ విలువ తగ్గుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో బయటపెట్టిన ఐడియా దాదాపు ఇదే. అప్పటి సెర్చ్ ఇంజిన్లు ఎక్కువగా బయోడేటా చూసేవి. అంటే మీరు వెతికిన మాట పేజీలో ఎక్కడుంది, ఎన్నిసార్లుంది అని. వీళ్లిద్దరూ వాకబు మొదలుపెట్టారు. ఒక పేజీకి ఇంకో పేజీ లింక్ ఇచ్చిందంటే అది ఓటు. ఓటేసిన పేజీకే బోలెడు ఓట్లుంటే ఆ ఓటు బరువు ఎక్కువ. అదే పేజీ వందమందికి లింకులిచ్చి ఉంటే, ఆ బరువు వందమందికీ పంచాలి. పరిశోధన పత్రాల్లో ఎవరు ఎవర్ని ఉదహరించారో లెక్కపెట్టే పాత పద్ధతి నుంచి పుట్టిన ఆలోచన ఇది. దీనికి పెట్టిన పేరు పేజ్‌ర్యాంక్. అందులో ‘పేజ్’ వెబ్ పేజీకీ సరిపోతుంది, లారీ ఇంటిపేరుకీ సరిపోతుంది!

బాగా పనిచేసింది కాబట్టే మిగతా సెర్చ్ ఇంజిన్లు వెనకబడ్డాయి. కానీ ఓటుకి విలువ వచ్చాక ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఓట్లు కొనడం మొదలైంది.

డ్రెస్సులు అమ్మిన న్యూక్లియర్ సైట్

ఈ కొనుగోళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన కథ అమెరికాలోని జేసీ పెన్నీది. 1902లో మొదలైన డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ అది. 2010 చివర్లో, అక్కడ పండగ షాపింగ్ జోరుగా ఉన్న రోజుల్లో, గూగుల్‌లో ‘డ్రెస్సెస్’ అని కొట్టినా, ‘బెడ్డింగ్’ అని కొట్టినా, ‘ఏరియా రగ్స్’ అని కొట్టినా మొదట వచ్చేది వాళ్లే. ఎంతదాకా అంటే, శామ్‌సోనైట్ సూట్‌కేసులు వెతికితే శామ్‌సోనైట్ సొంత సైట్ కన్నా పైన జేసీ పెన్నీ ఉండేది.

న్యూయార్క్ టైమ్స్‌కి అనుమానమొచ్చి, ఒక నిపుణుడితో తవ్వించింది. ఎక్కడెక్కడో ఉన్న రెండు వేలకు పైగా పేజీల్లో జేసీ పెన్నీకి లింకులు దొరికాయి. ఒకటి న్యూక్లియర్ ఇంజినీరింగ్ సైట్, ఒకటి కాసినోల గురించి, ఇంకోటి బల్గేరియాలో ఇళ్ల స్థలాల గురించి. వాటిలో ఏ మూలనో ‘ఈవినింగ్ డ్రెస్సెస్’ లాంటి మాటలతో చిన్న లింక్. మనుషులు చదవడానికి కాదు, గూగుల్ లెక్కపెట్టుకోవడానికి. ఇదంతా తమకి తెలియకుండా జరిగిందని కంపెనీ చెప్పింది. సెర్చ్ పనులు చూసే సంస్థని తీసేసింది.

పత్రిక నుంచి విషయం తెలిశాక గూగుల్ మనుషులే రంగంలోకి దిగారు. 2011 ఫిబ్రవరి 9 సాయంత్రం ఏడింటికి శామ్‌సోనైట్ సూట్‌కేసుల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న జేసీ పెన్నీ, రెండు గంటల తర్వాత 71వ స్థానంలో ఉంది. గమనించారా? నెలల తరబడి సాగిన ఈ తంతుని పట్టుకున్నది గూగుల్ యంత్రం కాదు, ఓ వార్తాపత్రిక.

ఆ తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చింది. కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లు కుప్పకూలాయి. 2016లో దాన్ని ఇంకాస్త మార్చారు. అప్పట్నుంచి పెంగ్విన్ చాలావరకు శిక్ష వేయదు, దొంగ ఓట్లని లెక్కలోంచి తీసేసి ఊరుకుంటుంది.

మా వాడికి జరిగింది ఇదే అని నా లెక్క. శిక్షా పడలేదు, లాభమూ రాలేదు. ఓట్లు చెత్తబుట్టలోకి వెళ్లాయంతే.

మార్కులు వేసింది ఎవరు?

మరి డీఏ 36 సంగతి? అది గూగుల్ ఇచ్చింది కాదు. మాజ్ అనే ప్రైవేటు కంపెనీ, తన దగ్గరున్న లింకుల జాబితా చూసి వేసుకునే అంచనా. ఎహ్రెఫ్స్, సెమ్‌రష్ లాంటి కంపెనీలకీ ఇలాంటి సొంత మార్కులున్నాయి. గూగుల్ డీఏని వాడదని మాజ్ కూడా చెబుతుంది. ఒకప్పుడు గూగుల్ తన టూల్‌బార్‌లో పేజ్‌ర్యాంక్‌ని 0 నుంచి 10 వరకు ఆకుపచ్చ గీతలా చూపించేది. జనం ఆ గీత చూసి లింకులకి రేట్లు కట్టారు. 2016లో దాన్ని తీసేసింది. ఆ ఖాళీలో ఈ ప్రైవేటు మార్కులే మార్కెట్లో కరెన్సీ అయ్యాయి.

కోచింగ్ సెంటర్ పెట్టే మాక్ టెస్ట్ లాంటిది ఇది. చదువు ఎక్కడుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. కానీ మాక్ టెస్ట్ పేపర్ ముందే కొనుక్కుని 90 తెచ్చుకుంటే, అసలు పరీక్షలో సీటొస్తుందా?

అలాగని సైట్ పరపతి అన్నదే అబద్ధం అనుకోకండి. డొమైన్ అథారిటీ లాంటిదేదీ తాము వాడమని గూగుల్ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2024 మేలో వాళ్ల అంతర్గత పత్రాలు వేల పేజీలు బయటికి పొక్కాయి. వాటిలో ‘సైట్ అథారిటీ’ అనే పేరుతోనే ఒక అంశం కనిపించింది. పత్రాలు తమవేనని గూగుల్ ఒప్పుకుంది, కానీ సందర్భం తెలియకుండా వాటిని నమ్మొద్దంది. ఆ అంశానికి ర్యాంకింగ్‌లో ఎంత బరువిస్తారన్నది అందులో లేదు. అంతకుముందే, 2023లో అమెరికాలో గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్యం కేసులో ఆ కంపెనీ సెర్చ్ వైస్ ప్రెసిడెంట్ పాండు నాయక్, జనం దేన్ని క్లిక్ చేస్తున్నారో కూడా లెక్కలోకి వస్తుందని కోర్టులో చెప్పారు. అంటే లింకుల ఓట్లతోనే అంతా అయిపోదు.

పరపతి అద్దెకిస్తారు!

సైట్ పెట్టని వాళ్లకి ఇదంతా ఎందుకంటారా? ఉంది. కొన్న ఓట్లు చెల్లకపోయేసరికి కొందరు ఏకంగా పరపతినే అద్దెకి తీసుకోవడం మొదలుపెట్టారు. పేరున్న సైట్‌లో ఓ మూల వాళ్ల కూపన్లు, లోన్ ప్రకటనలు పెట్టించడం ఒక దారి. మూతపడిన మంచి సైట్ పేరు కొనేసి, దాని పాత పరపతి మీద చెత్త నింపడం ఇంకో దారి. 2024 మార్చిలో గూగుల్ ఈ రెండిటినీ తప్పుల జాబితాలో చేర్చింది. అయినా పూర్తిగా ఆగాయని ఎవరూ అనుకోవట్లేదు.

వీటన్నిట్లో డేంజర్ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు. ఎవరైనా రాసుకోగలిగే పెద్ద సైట్లలో మోసగాళ్లు బ్యాంకుల పేరుతో, పేమెంట్ యాప్‌ల పేరుతో తమ నంబర్లు పెడతారు. సైట్ పరపతి పుణ్యమా అని అవి పైకొస్తాయి. డబ్బు ఇరుక్కున్న కంగారులో మనం పైనున్నదాన్నే నొక్కుతాం. నంబర్ కావాలంటే ఆ యాప్ లోపలో, కార్డు వెనకో చూడండి. ఇప్పటికే డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్.

రాత్రి రెండింటికి

ఇంతకీ మా తమ్ముడు. లింకులు కొనడం మానేసి, రైతులు ఫోన్లో ఏమని వెతుకుతున్నారో చూడటం మొదలుపెట్టాడు. ‘తెల్లమచ్చల వ్యాధి నివారణ’ అని ఎవరూ కొట్టట్లేదు. ‘రొయ్యలు గట్టుకొస్తున్నాయి ఎందుకు’ అని అడుగుతున్నారు. కొందరు ఇదే ప్రశ్నని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతున్నారు. వాడు హెడ్డింగులు అలా మార్చాడు. ఫిషరీస్ చదువు చెప్పే ఓ లెక్చరర్ తన పాఠాల పేజీలో వీడి సైట్‌కి లింక్ ఇచ్చారు. అడగలేదు, కొనలేదు.

మొన్న గూగుల్ ఇచ్చే ఉచిత రిపోర్ట్ చూపించాడు. పెద్ద మాటలకి ఇప్పటికీ మూడో పేజీయే, అక్కడ పెద్ద సైట్లదే రాజ్యం. కానీ ‘రాత్రి కరెంట్ పోయి ఏరియేటర్ ఆగితే’ అనే ప్రశ్నకి మొదట వచ్చేది వీడే. ఏ పెద్ద సైటూ దాని గురించి రాయలేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చెరువు మొత్తం పోతుంది. ఆ టైమ్‌లో ఫోన్ పట్టుకుని వెతికే మనిషికి డీఏతో పనేముంది?

ఆ డీఏ మళ్లీ 14కి దిగిందట. పిన్నికి మాత్రం ఒకటే అనుమానం, ‘స్కోరు తగ్గింది కదా, ఆ 18 వేలు వెనక్కిస్తారేమో కనుక్కో’ అని. ఆ నంబర్ ఎప్పుడో స్విచ్చాఫ్ పిన్నీ.