స్థలం కాగితాలు చదివే లాయరు

లాయర్ అనగానే మనకి కోర్టు బోను, నల్లకోటు, వాదనలు గుర్తొస్తాయి. రియల్ ఎస్టేట్ లాయర్ల పని మాత్రం ఎక్కువగా పాత దస్తావేజుల మధ్యే నడుస్తుంది. ఆ పని సరిగ్గా జరిగితే చాలా కేసులు కోర్టు దాకా రావు.

డేటా స్ట్రక్చర్స్‌లో మనం చదివే లింక్డ్ లిస్ట్ లాంటివే స్థలం కాగితాలు. వాటిని లింక్ డాక్యుమెంట్లనే అంటారు. ఇప్పుడు అమ్మే ఆయన ఎవరి దగ్గర కొన్నాడు, వాళ్ళకి ఎవరు రాసిచ్చారు అని వెనక్కి వెళ్తూ చూడాలి. మధ్యలో ఒక వారసుడి సంతకం లేకపోయినా గొడవ మొదలైనట్టే. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇంకేం భయం?" అంటారు పెద్దవాళ్ళు. కానీ మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజుని. అమ్మినాయనకి అసలు హక్కుందా అన్నదానికి ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వదు. ఈసీలో కూడా రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టర్ చేయని వీలునామా అందులో ఉండదు. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన యజమాని అయిపోరని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

ఇలా కాగితాలు వెతకడంతో జూనియర్ల కెరీర్ మొదలవుతుంది. తర్వాత డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు రాయడం వస్తుంది. స్థలం ఒకరిది, కట్టే ఖర్చు బిల్డర్‌ది. ఎవరికి ఏ ఫ్లాట్లు, ఆలస్యమైతే నష్టం ఎవరిది అన్నవి ముందే రాసుకోవాలి. 2016 రెరా చట్టం వచ్చాక ఇంకో పని కూడా చేరింది. కొనేవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికే వాడాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఫ్లాటు అప్పగించాక 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి.

ఇదంతా తెలిసిన లాయర్‌కి "నేనే కట్టి అమ్మొచ్చు కదా" అనిపించడం సహజం. కానీ బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం ప్రాక్టీసు చేస్తూ స్వయంగా వ్యాపారం నడపకూడదు, కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్‌గా ఉండకూడదు. కొన్ని షరతులతో స్లీపింగ్ పార్ట్‌నర్‌గా ఉండొచ్చు. పూర్తిస్థాయి బిల్డర్ కావాలంటే ప్రాక్టీసు ఆపాల్సిందే. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది. "ఈ స్థలం కొనకండి" అని చెప్పాల్సిన మనిషికి, అది అమ్ముడుపోతే లాభం ఉండకూడదు.

రేపు ఉద్యోగం రాగానే మనలో చాలామంది హోమ్ లోన్ తీసుకుంటాం, ఇరవై ఏళ్ళు ఈఎంఐ కడతాం. "బ్యాంకు లాయర్ చూశాడులే" అని ధీమాగా ఉండకండి. ఆయన ఒపీనియన్ రాసేది బ్యాంకు కోసం. బిల్డర్ లాయర్ ఎలాగూ బిల్డర్ మనిషే. మన తరఫున కాగితాలు చదివే లాయర్‌ని, అడ్వాన్సు ఇవ్వకముందే, మనమే పెట్టుకోవాలి.