ముత్యాల పలువరుస మూణ్ణాళ్ళ ముచ్చటేనా?

సాయంత్రం ఆరు దాటితే నగర్తపేటలో మా అంగడి ముందు నడవడానికి చోటుండదు. ఒకవైపు వెండి సామాన్లు, ఒకవైపు చీరలు, మధ్యలో తోపుడు బండ్లు, స్కూటర్లు. ఆ సందడి మధ్యనే, ఇరుకు మెట్లెక్కి వెళితే చిన్న చిన్న గదుల్లో ఆచార్లు తలవంచుకుని రాళ్ళు పొదుగుతూ కనిపిస్తారు. ఈ పేటకు కోడలిగా వచ్చి ముప్పై అయిదేళ్ళయింది. నగల సంగతి కాస్తో కూస్తో తెలుసు. పళ్ళ సంగతి కూడా నగల భాషలోనే బాగా అర్థమవుతుందని మాత్రం మా అక్క కూతురి పెళ్ళి సమయంలోనే తెలిసింది.

మా అక్కవాళ్ళది పావగడ దగ్గర పల్లె. పేరుకు కర్ణాటకే గానీ ఇళ్ళలో మాట్లాడేది మన తెలుగే. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్ల బంగారు బొమ్మలా ఉండేది గానీ నవ్వితే చాలు, ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. అందుకని నవ్వు వస్తే చెయ్యో పైటకొంగో నోటికి అడ్డం పెట్టుకునేది. ఫోటోల్లో ఎప్పుడూ పెదవులు బిగించే ఉండేది.

2012లో సంబంధం కుదిరింది. పెళ్ళికి రెండు నెలలుందనగా అక్క ఫోను చేసి, "చెల్లీ, బెంగళూరులో పళ్ళకు పింగాణి పెంకులు వేస్తారట కదా, ఎంతైనా సరే వేయించేద్దాం" అంది. నగరంలో ఒక దంతవైద్యశాలకు తీసుకెళ్ళాం. అక్కడివాళ్ళు అద్దం చూపించి, "ఎనిమిది పళ్ళకు వేద్దాం. వారంలో పని అయిపోతుంది. ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అన్నారు. చెప్పిన మొత్తం విని మా బావ ముఖం వాడిపోయింది. అయినా "కూతురి పెళ్ళి కదా, పొలం మీద అప్పు తెస్తా" అన్నాడు.

ఆ రాత్రి పక్క అంగడి ఆచారిగారితో మాటవరసకు ఈ సంగతి చెప్పాను. ఆయన చేతిలో పాత కమ్మలున్నాయి. ఒక రాయి ఊడిపోతే బాగుచేస్తున్నారు. "చూడమ్మా, రాయికేం కాలేదు. కింద లక్క వదిలింది. నీళ్ళు, మురికి చేరేది ఎప్పుడూ అంచులోనే. జీవితాంతం చూసుకోనక్కర్లేదని నేనైతే ఏ నగకూ మాటివ్వను" అన్నారు. మర్నాడు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె చెప్పినదీ సరిగ్గా అదే! ఆ రోజు తెలుసుకున్నవీ, తర్వాత పన్నెండేళ్ళ అనుభవంలో తెలిసినవీ మన ఆడపడుచులకు, పెళ్ళీడు పిల్లల తల్లిదండ్రులకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

అసలేమిటీ వెనీర్లు?

వెనీరంటే పంటి ముందుభాగానికి అతికించే పల్చటి పెంకు. మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే మన చేతి గోరు మందం అనుకోండి. వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి పింగాణిది. పంటి అచ్చు తీసుకుని లేబొరేటరీలో తయారుచేస్తారు. రెండోది కాంపోజిట్ అనే పదార్థంతో డాక్టరు అక్కడికక్కడే పంటి మీద దిద్ది, నీలి దీపంతో గట్టిపరచేది. ఇది చవక, పనీ త్వరగా అవుతుంది.

దీని పుట్టుక సినిమావాళ్ళ దగ్గరే! 1928లో అమెరికాలో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు హాలీవుడ్ తారల పళ్ళకు షూటింగు వరకు నిలిచే పెంకులు తయారుచేశాడు. వాటితో అన్నం తినడం కుదరదు. కెమెరా ఆగగానే తీసేయాల్సిందే. 1955లో మైకేల్ బునకోర్ అనే శాస్త్రజ్ఞుడు పంటి పై పొరను ఆమ్లంతో గరుకు చేస్తే అతుకు గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. గోడకు సున్నం పట్టాలంటే ముందు గీరినట్టన్న మాట. పింగాణి లోపలి వైపును కూడా అలాగే గరుకు చేసి అతికించే పద్ధతి 1980 తర్వాత వాడుకలోకి వచ్చింది. నేటి వెనీర్లన్నీ ఆ రెండు పనుల మీద నిలబడ్డవే.

ఎన్నాళ్ళు నిలుస్తాయి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కదా! సూటిగా చెప్పాలంటే, కాంపోజిట్‌వి సుమారు అయిదు నుంచి ఏడేళ్ళు, పింగాణివి పది నుంచి పదిహేనేళ్ళు. జాగ్రత్తగా చూసుకున్నవారికి పింగాణివి ఇరవై ఏళ్ళు దాటడమూ ఉంది. పదేళ్ళ తర్వాత పరీక్షించి చూస్తే పింగాణి పెంకులు పదింటిలో తొమ్మిది దాకా నిలిచే ఉన్నాయని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. అంతేగాని "జీవితాంతం" అన్నమాట నమ్మవద్దు. పాతికేళ్ళ పిల్లకు వేయిస్తే, ఆమెకు అరవై ఏళ్ళు వచ్చేలోగా రెండు మూడుసార్లు మార్పించుకోవాల్సి రావచ్చు. లెక్క వేసుకునేటప్పుడు మొదటి ఖర్చు ఒక్కటే కాదు, ఆ తర్వాతి ఖర్చులూ చూసుకోవాలి.

అయితే ఒకరికి అయిదేళ్ళకే ఊడి, ఇంకొకరికి ఇరవై ఏళ్ళుండటానికి కారణమేమిటి? ముఖ్యమైనది కింద ఉన్న పంటి పొర. పంటి మీద ఎనామిల్ అనే గట్టి పొర ఉంటుంది. దానికి అతుకు బాగా పట్టుకుంటుంది. ఎక్కువగా అరగదీసి లోపలి మెత్తటి పొర దాకా వెళితే అతుకు బలహీనపడుతుంది, పన్ను జివ్వుమంటుంది కూడా. అరగదీసిన ఎనామిల్ గోరులా మళ్ళీ పెరగదు. ఒకసారి పన్ను అరగదీశాక వెనక్కి వెళ్ళే దారి లేదు. రెండోది నిద్రలో పళ్ళు నూరే అలవాటు. మూడోది చిగుళ్ళ ఆరోగ్యం. ఇంకొక్క మాట. పింగాణికి పుచ్చు పట్టదు నిజమే, కానీ దాని అంచున ఉన్న అసలు పంటికి పడుతుంది. ఆచారిగారి మాట గుర్తుందిగా, మురికి చేరేది అంచులోనే!

ముందు చిన్న వైద్యం, తర్వాతే పెద్దది

మా పిల్ల నోరు చూసి డాక్టరమ్మ ఇలా అంది. "ఎనిమిది పళ్ళెందుకమ్మా? ఆరింటికి మచ్చలు పైపైనే ఉన్నాయి. వాటిని పల్చగా రుద్ది, తెల్లబరిచే మందు పెడితే చాలు. మధ్య రెండు పళ్ళకు గుంటలు పడ్డాయి, వాటికి మాత్రం వెనీర్లు వేద్దాం. ముందు పళ్ళు తెల్లబరచి, రంగు కుదిరాక, దానికి సరిపోయే పెంకులు చేయిద్దాం."

ఈ వరస ముఖ్యం. తెల్లబరిచే మందు అసలు పంటి మీదే పనిచేస్తుంది, పింగాణి రంగును మార్చలేదు. వెనీరు వేశాక చుట్టూ పళ్ళు తెల్లబరిస్తే రెండూ రెండు రంగుల్లో కనిపిస్తాయి. మా బావ పొలం మీద అప్పు తేకుండానే పని జరిగింది.

ఎవరైనా ఎక్కువ పళ్ళు అరగదీయాలంటే ఇంకొకరి సలహా తీసుకోండి. బెంగళూరులో ఉన్నవారికి ఫోర్టు ప్రాంతంలో, విక్టోరియా ఆసుపత్రి పక్కన 1958లో మొదలైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. మన నగర్తపేట నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

పెళ్ళివారికి చెప్పాలా?

ఇంట్లో పెద్ద గొడవ దీని మీదే జరిగింది. "చెప్పడమెందుకు, అందంగా ఉన్నాయి కదా" అని అక్క. పిల్ల మాత్రం మొండికేసింది. "చిన్నమ్మా, రేపు వాళ్ళింట్లో ఊడి చేతిలో పడితే ఏం చెప్పమంటావు? దాచుకుని నవ్వే బాధ తప్పుతుందనే కదా ఇదంతా. మళ్ళీ దాచుకోవడమేనా?" అంది. నాకు నోట మాట రాలేదు.

చివరికి నేనే వెళ్ళి, కాబోయే అత్తగారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మడకశిర వైపు మనిషి. అంతా విని, పకపకా నవ్వింది. చూద్దును కదా, ఆమె పళ్ళ మీదా అవే గోధుమ మచ్చలు! "మా ఊరి నీళ్ళూ అవే కదమ్మా. నాకు ఆ రోజుల్లో ఇవేవీ లేవు, అంతే" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

జాగ్రత్తలు

వెనీర్లు వేయించుకున్నవారు రోజూ పాటించవలసినవి కష్టమైనవేం కావు.

మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు, గట్టిగా రుద్దకుండా తోముకోవాలి. ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు చాలు. బొగ్గుపొడి, కచ్చిక, ఉప్పు, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడి వద్దే వద్దు. ఇవి మెరుగును గీకేస్తాయి. మెరుగు పోయినచోట మరకలు త్వరగా పట్టుకుంటాయి.

పళ్ళ మధ్య దారంతో రోజుకొకసారి శుభ్రం చేసుకోవాలి. "దారం లాగితే పెంకు ఊడుతుందేమో" అని చాలామంది భయపడతారు. సరిగా అతికించినది ఊడదు. శుభ్రం చేయకపోతేనే చిగుళ్ళు వాచి అంచులు బయటపడతాయి.

ముందు పళ్ళను పనిముట్లుగా వాడకండి. మన ఆడవాళ్ళకున్న అలవాట్లు మీకు తెలియనివా? జడపిన్ను పళ్ళతో విప్పడం, పూలదారం పళ్ళతో తెంపడం, పాలప్యాకెట్టు మూల కొరకడం. చెరకు, మొక్కజొన్న పొత్తు, గట్టి చేగోడీలు, ఆవకాయ టెంక ముందు పళ్ళతో కొరకవద్దు. జామకాయను ముక్కలు కోసి పక్క పళ్ళతో నమలండి. ఐసు ముక్కలు కొరకడం అసలే వద్దు.

కాఫీ మానక్కర్లేదు. బెంగళూరులో ఉండి ఫిల్టరు కాఫీ మానమంటే ఎవరు వింటారు! పింగాణికి మరక సులభంగా పట్టదు గానీ, అతుకు అంచుకు పడుతుంది. కాంపోజిట్‌కైతే కాఫీ, టీ, పసుపు, వక్కాకు అన్నీ పడతాయి. తాగాక నీళ్ళతో పుక్కిలిస్తే సరి.

నిద్రలో పళ్ళు నూరేవారు డాక్టరుతో చెప్పి, రాత్రిపూట పెట్టుకునే తొడుగు చేయించుకోవాలి. ఈ అలవాటు మనకు తెలియదు, పక్కన పడుకున్నవారినే అడగాలి!

ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవాలి. గార తీసేటప్పుడు "నాకు వెనీర్లున్నాయి" అని ముందే చెప్పాలి. ఫ్లోరైడ్ జెల్ పెట్టేటప్పుడూ చెప్పాలి. పులుపు గుణమున్న జెల్ పింగాణి మెరుగును తినేస్తుంది. అటువంటి గుణం లేని రకమూ ఉంది.

ఒకవేళ ఊడితే కంగారు పడకండి. ఇంట్లో ఉన్న జిగురుతో మాత్రం అతికించుకోవద్దు. పెంకును కడిగి చిన్న డబ్బాలో భద్రంగా పెట్టి, రెండు మూడు రోజుల్లోగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. విరగకపోతే చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికించవచ్చు. మా పిల్లకు 2018లో ఇలాగే జరిగింది. ఉగాది నాడు చెరకు ముక్క కొరికింది! కుంకుమ భరిణెలో పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. అదే పెంకును అతికించి పంపారు. రెండోది పోయినేడు అంచు పెచ్చు ఊడితే కొత్తది వేయించుకుంది. అంటే దాదాపు పన్నెండేళ్ళు నిలిచిందన్న మాట.

మచ్చలు రాకుండానే చూద్దాం

చివరగా అసలు మాట. మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారు. నల్గొండ బాధ అందరికీ తెలిసిందే. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఈ మచ్చలు పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులోనే పడతాయి. అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు మార్చినా పడ్డ మచ్చ పోదు.

కనుక ఊళ్ళో మనవలు, మేనల్లుళ్ళు ఉన్నవారు బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో యంత్రం తగ్గిస్తుంది. పసిపిల్లల బ్రష్షు మీద బియ్యపుగింజంత, మూడేళ్ళు దాటినవారికి బఠాణీగింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.

మొన్న కరగ ఉత్సవానికి మా పిల్ల తన కూతుర్ని తీసుకుని వచ్చింది. ధర్మరాయస్వామి గుడి దారిలో జనం మధ్య నిలబడి తల్లీ కూతుళ్ళిద్దరూ నోరారా నవ్వుతుంటే చూశాను. పాపకు ముందు పళ్ళు రెండూ అప్పుడే వస్తున్నాయి. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో బోరు నీళ్ళు తాగనివ్వలేదట. తల్లికి పెంకులు కావలసి వచ్చాయి. బిడ్డకు మంచినీళ్ళే చాలాయి.