ఇంట్లోనే గాలిముల్లు

పిల్లలూ! రాత్రివేళ తలుపులు వేసుకుని పడుకున్నారు. బయట గాలి ఈల వేస్తున్నది. అది ఏ దిక్కునుంచి వీస్తున్నదో మంచం దిగకుండా చెప్పగలరా? ఇంటికప్పు మీద ఒక బాణం, ఇంట్లో ఒక ముల్లు వుంటే చెప్పవచ్చు.

ఇది కొత్త సంగతి కాదు. లండనులోని కెన్సింగ్టన్ రాజభవనంలో 1694లో మూడవ విలియం రాజు కోసం ఇటువంటి పలకను అమర్చారు. అవి తెరచాప ఓడల రోజులు. గాలి ఎటు వున్నదో తెలిస్తే ఓడలు ఎటు కదలగలవో తెలిసేది. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన థామస్ జెఫర్సన్ తన మాంటిసెల్లో ఇంటి వసారా కప్పుకు, లోపలివైపున, దిక్కుల పలక పెట్టించాడు. తల ఎత్తితే కనిపిస్తుంది. మనమూ అలాగే చేద్దాం.

అంగుళం పీవీసీ గొట్టం మూడడుగులు తీసుకోండి. దాని రెండు మూతులకూ నడుమ చిల్లి గల చెక్కబిరడాలు బిగించండి. వాటిలో సులువుగా తిరిగే తిన్నని వెదురుపుల్లను దూర్చండి. పై బిరడామీద రెండు వాషర్లు వేసి, మధ్య గ్రీజు రాసి, వాటికి పైన పుల్లకు తీగె గట్టిగా చుట్టండి. ఇప్పుడు పుల్ల వాషర్లమీద వేలాడుతూ తిరుగుతుంది. వాన దిగకుండా పైన కొబ్బరిచిప్పను బోర్లించి పుల్లకు అతికించండి. ఇనుపకడ్డీ మాత్రం వద్దు, పిడుగుకు ఇంట్లోకి దారి చూపినట్టవుతుంది.

రెండడుగుల బద్దకు ఒక కొసన వెడల్పైన రేకుతోక, రెండో కొసన చిన్న మొన పెట్టండి. మొనవైపు కొన్ని మేకులు కట్టి, బద్ద సరిగా నడుమ తూగేట్టు చేసి, పుల్ల పై కొసకు బిగించండి. గాలి తోకను నెడుతుంది, మొన గాలికి ఎదురు తిరుగుతుంది. తూర్పునుంచి వచ్చేది తూర్పుగాలి. కనుక మొన చూపే దిక్కే గాలి పేరు. పుల్ల కింది కొసకు, బాణం చూసే వైపే చూసేట్టు, అట్టముల్లు అతికించండి. వసారా కప్పుకు చిల్లి పెట్టి గొట్టం నిలబెట్టే పని పెద్దవాళ్లది. మీరు కప్పు ఎక్కవద్దు.

ఇక దిక్కులు తెలియాలి. నేలమీద నిటారుగా కర్ర పాతి, దాని చుట్టూ వలయం గీయండి. ఉదయం కర్ర నీడ కొస వలయాన్ని తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకినచోట ఇంకొక గుర్తు పెట్టండి. రెంటినీ కలిపితే అదే తూర్పు పడమరల గీత.

నేను మొదటిసారి చేసినప్పుడు, పుస్తకంలో వున్నట్టే ఉత్తరానికి కుడివైపు తూర్పు రాసి, అట్టను కప్పుకు అంటించాను. ఒకనాడు ఆరవ తరగతి పిల్ల ఒకతె తల ఎత్తి చూసి, ‘‘మాస్టారూ, పొగ నైరుతికి పోతున్నది. మరి ముల్లు వాయవ్యం చూపుతుందేం?’’ అన్నది. నేను తెల్లబోయాను. కింద పెట్టి చూసే పటం వేరు, కిందనుంచి పైకి చూసే పటం వేరు! కప్పుమీద ఉత్తరానికి ఎడమవైపు తూర్పు రావాలి. ముల్లు ఈశాన్యమే చూపుతున్నది, నా రాతే తప్పు.

ఇది చిన్న తప్పు కాదు. తుపానుగాలికి ఎదురుగా నిలబడినట్టు వూహించుకుంటే, మన దేశంలో తుపాను కేంద్రం ఇంచుమించు కుడిచేతి వైపు వుంటుంది. ఈశాన్యపు గాలి అయితే కేంద్రం ఆగ్నేయాన, సముద్రంలో వున్నట్టు. నా అట్టను నమ్మినవాడు దాన్ని ఈశాన్యాన వెతికేవాడు! 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తలుచుకుంటే, ఇటువంటి తప్పు నవ్వులాట కాదని తెలుస్తుంది. తుపాను వచ్చినప్పుడు వాతావరణశాఖ మాటే వినండి. మీ ముల్లు ఆ మాటను అర్థం చేసుకోవటానికి.

పలక తయారయ్యాక, ముందు పొగతో సరిచూడండి. ఆ తరవాత రోజూ మూడు పూటలా గాలి పేరు నోటుపుస్తకంలో రాయండి. జూనులో నైరుతి ఎన్నిసార్లు వచ్చిందో, నవంబరులో ఈశాన్యం ఎన్నిసార్లు వచ్చిందో మీరే లెక్క చెప్పగలరు.