ఎండతో నీటి శుద్ధి.. పొడి ఒకటే, కాల్చే తీరులోనే తేడా!

సికింద్రాబాద్: రంగులు, మందుల వ్యర్థాలు కలిసిన నీటిని ఎండతోనే శుభ్రం చేయొచ్చా? తార్నాకలోని ఐఐసీటీతో పాటు ఎన్నో ల్యాబ్‌లు దీనిపై పరిశోధనలు చేశాయి. ఇందులో కీలకం టైటానియం డయాక్సైడ్. గోడల పెయింట్‌లో కలిపే తెల్ల పొడి కూడా ఇదే. దీనిపై అల్ట్రావయొలెట్ కిరణాలు పడితే రసాయన చర్య మొదలై, నీటిలోని మలినాలు విరిగిపోతాయి.

మరి పెయింట్ పొడినే నీళ్లలో వేస్తే సరిపోదా? సరిపోదు. రంగు పాడవకుండా ఆ పొడికి పైపూత వేసి, ఈ చర్యను అణచివేస్తారు. నీటి శుద్ధికి మాత్రం సన్న రంధ్రాలున్న పొడి కావాలి. రంధ్రాలు పెరిగితే మలినాలు అంటుకునే చోటు పెరుగుతుంది.

ఆ రంధ్రాలు తయారీలోనే వస్తాయి. సోల్-జెల్ పద్ధతిలో ద్రావణాన్ని జెల్‌గా మార్చి, ఆరబెట్టి, సాధారణంగా 400-500 డిగ్రీల్లో కాలుస్తారు. వేడి తగ్గితే స్ఫటికాలు సరిగా ఏర్పడవు. మరీ పెరిగితే రంధ్రాలు మూసుకుపోతాయి. మూత బిగించిన పాత్రలో చేసే హైడ్రోథర్మల్ పద్ధతిలో 200 డిగ్రీల లోపే స్ఫటికాలు వస్తాయి. దాంతో రంధ్రాలు నిలుస్తాయి.

ఇంకో చిక్కూ ఉంది. ఎండలో అల్ట్రావయొలెట్ వాటా దాదాపు 5 శాతమే. అందుకే మామూలు వెలుతురుకూ పనిచేసేలా తయారీలోనే నైట్రోజన్ లాంటివి కలిపి చూస్తున్నారు.